సుదర్శనం గారి కాండక్టు సర్టిఫికెట్

ఒక పెద్దమనిషి రైల్లో నవల చదువుకుంటూ తను దిగాల్సిన స్టేషను దాటిపోయాడు. దానివల్ల సాహిత్యానికి ఏ గతి పట్టిందో చెబుతాను, వినండి.

ఆ పెద్దమనిషి గ్రంథాలయ సత్సాహిత్య మండలికి అధ్యక్షులు. ఊరూరా ఉన్న గ్రంథాలయాలకు ఏ పుస్తకాలు కొనాలో, ఏవి కొనకూడదో తేల్చేది ఈ మండలే. అధ్యక్షుల వారు పుస్తకాలు చదవడం అరుదు. చదివితే నిష్పాక్షికత దెబ్బతింటుందని వారి అభిప్రాయం. ఆ రోజు ఖర్మ కాలి, పక్క సీటు ప్రయాణికుడు వదిలేసి దిగిపోయిన నవల చేతికి తగిలింది. ఒక ఇంట్లో హత్య. "నేను" అంటూ కథ చెబుతున్నవాడు మహా మర్యాదస్తుడు. హంతకుడి కోసం పాపం వాడే ఊరంతా గాలిస్తున్నాడు. అధ్యక్షుల వారు వాడి మీద జాలిపడ్డారు, వాడి తరఫున అందరినీ అనుమానించారు, అక్కడక్కడా కళ్ళు తుడుచుకున్నారు. తీరా ఆఖరి పేజీకొచ్చి చూస్తే చంపింది వాడే! తలెత్తి కిటికీలోంచి చూస్తే స్టేషను లేదు, చెరుకు తోటలున్నాయి.

"ఇది నమ్మకద్రోహం! హోదాలో ఉన్న నాతోనే అబద్ధమాడాడంటే సామాన్య పాఠకుడి గతేమిటి?" అని మండలి సమావేశంలో బల్ల గుద్దారట. సభ్యులు కూడా తలో గుద్దు గుద్దారు. వారం తిరక్కుండా నిబంధన వచ్చింది. ఇకమీదట "నేను" అంటూ కథ చెప్పే ప్రతి నవలకూ, ఆ చెప్పేవాడు సత్యవంతుడేనని కాండక్టు సర్టిఫికెట్ జతచేయాలి. లేకపోతే గ్రంథాలయాలకు కొనరు.

సరిగ్గా అప్పుడే నా నవల వాళ్ళ బల్ల మీద ఉంది. దరిద్రుడి పెళ్ళికి వడగళ్ళ వాన అంటే ఇదే.

నా పేరు హైమావతి. గవర్నమెంటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. కప్పలు కోసే చేత్తో నవల రాసిందని స్టాఫ్ రూములో నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. నవల పేరు "నళిని ఊరెళ్ళింది". కథ చెప్పేవాడు సుదర్శనం, బ్యాంకు క్యాషియరు. భార్య నళిని అంటే వల్లమాలిన ప్రేమ. ఎంత ప్రేమంటే, గుమ్మం దగ్గర ఆవిడ చెప్పులు ఏ వైపు తిరిగి ఉన్నాయో చూసుకుంటే గాని నిద్రపట్టదు. పాలవాడితో ఏం మాట్లాడింది, దువ్వెన ఎవరు జరిపారు, అన్నీ కావాలి. ఒకరోజు నళిని కనిపించదు. అడిగినవాళ్ళందరికీ "ఊరెళ్ళింది" అంటాడు. మనతోనూ అదే అంటాడు, బెంగపెట్టుకుని చిక్కిపోతాడు కూడా. పెరట్లో కొత్తగా తులసికోట కట్టించి రోజూ నీళ్ళు పోస్తాడు. చదివేవాళ్ళు అయ్యో పాపం అనుకుంటారు. పోనుపోను చెప్పిన మాటే మళ్ళీ చెప్పాల్సి వచ్చినప్పుడు తడబడుతుంటాడు, మనకు ఒళ్ళు జలదరించడం మొదలవుతుంది. చివరి అధ్యాయం మాత్రం నళిని చెబుతుంది. తులసికోట కింద నుంచి.

ఆ చివరి అధ్యాయం కోసమే మిగతాదంతా రాశాను. ఎందుకో కూడా చెప్పేస్తాను. మా అమ్మ చెల్లెలు రాజ్యం పిన్ని, నేను రెండో క్లాసు చదివే రోజుల్లో కనిపించకుండా పోయింది. గంగాధరం బాబాయి "ఊరెళ్ళింది" అన్నాడు. కొన్నాళ్ళకు "ఎటో వెళ్ళిపోయింది, ఏం చేస్తాం" అన్నాడు. బాబాయి శ్రీరామనవమి పందిరి కమిటీకి పెద్ద. నలుగురిలో గట్టిగా దగ్గడు కూడా. వాళ్ళుండే సత్రం వీధి వీధంతా ఆయన మాటే నమ్మింది. మా అమ్మ పోలీసు స్టేషనుకెళ్ళి మొత్తుకుంటే "అంత మంచాయన్ని అనుమానిస్తారేంటమ్మా" అని టీ ఇచ్చి పంపారు. పిన్ని ఏమైందో నాకు తెలీదు. బాబాయి ఏమైనా చేశాడో లేదో కూడా తెలీదు. తెలిసిందల్లా ఒకటే, ఆవిడ తరఫున ఆ వీధిలో ఒక్కరూ నోరు విప్పలేదు. నాకు కడుపు మండింది, ఇప్పటికీ మండుతూనే ఉంది. అందుకే కథ సత్రం వీధిలోనే జరిగినట్టు రాశాను. ఆ వీధి మొదట్లో గ్రంథాలయం ఉంది. పొద్దున్నే అక్కడ పేపర్లు తిరగేసే జనం, బాబాయితో సహా, ఆ చివరి అధ్యాయం చదవాలి. నాకు కావలసింది అంతే.

మండలి కార్యదర్శి గుమ్మలూరి వైకుంఠరావు గారు పిలిపించారు.

"హైమావతి గారూ, తమ రచనను పరిశీలించడమైనది. శైలి ప్రశంసనీయం. అయితే తమ కథకులు శ్రీ సుదర్శనం గారి సత్యసంధత విషయమై మండలికి కొంత ఆందోళన కలదు" అన్నారు.

"కలగాలండీ. వాడు పచ్చి అబద్ధాలకోరు. నవలంతా అదే."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను మామూలు కళ్ళతో చూశారు. "అంటే ఆయన అసత్యం పలుకుతున్నారని తెలిసి కూడా తమరు రాసుకున్నారా?"

"నేనే పలికించానండీ."

"ప్రేరేపణ" అని పక్కనున్న గుమాస్తాతో రాయించారు. "చూడండమ్మా, తమరు ఉత్తమ పురుషలో రాశారు. ఆ పురుషుడు కనీసం మధ్యముడైనా కాకపోతే ఎట్లా?"

"సార్, అసలు సుదర్శనం అనే మనిషే లేడు. నేను కల్పించాను."

"అంటే నివాస ధ్రువపత్రం కూడా లేదన్నమాట." పెద్దగా నిట్టూర్చారు. "ఒక్కొక్కటే చూద్దాం. తొలుత నడవడిక. నివాసం సత్రం వీధి అని తమరే పేర్కొన్నారు. సత్రం వీధి భౌతికంగా కలదు. కావున స్థానిక విచారణ జరిపిస్తాం. ఇరుగుపొరుగు మంచివాడంటే సర్టిఫికెట్టు, చెడ్డవాడంటే తిరస్కరణ."

"మాకు తెలీదంటేనో?"

వైకుంఠరావు గారు మొదటిసారి నవ్వారు. "విచారణలో తెలీదన్నవాణ్ణి నా సర్వీసులో చూడలేదమ్మా."

నేను లోపల్లోపల నవ్వుకుంటూ ఇంటికొచ్చాను. లేని మనిషి గురించి అడిగితే వీధి వీధంతా నోరెళ్ళబెడుతుంది, దాంతో ఈ నిబంధన పీడా విరగడవుతుంది అనుకున్నాను. ఎంత చదువు చదివితే మాత్రం ఏం లాభం, పుట్టి పెరిగిన చోటు సంగతి నాకు తెలీలేదు.

విచారణాధికారి బొడ్డు చిట్టిబాబు గారు స్కూటర్ మీద వచ్చారు. మెత్తటి మనిషి, చంకలో ఫైలు, జేబులో రెండు పెన్నులు. నేనూ వెంటబడ్డాను. ముందు టీ కొట్టు దగ్గర ఆగారు.

"సుదర్శనం గారని, బ్యాంకు క్యాషియరు. ఈ వీధే. మనిషెలాంటోడంటావు?"

టీ కొట్టాయన క్షణం కూడా ఆలోచించలేదు. "ఆయనాండీ? దేవుడండి బాబూ. తల దించుకుని ఎల్తాడు, తల దించుకుని వత్తాడు."

చిట్టిబాబు గారు రాసుకుంటుంటే నేను అతన్ని పక్కకు లాగాను. "ఏమయ్యా, ఎవర్ని చూశావు నువ్వు? అలాంటి మనిషే లేడు!"

"లేడాండీ?" అతను గొంతు తగ్గించాడు. "అయినా ఆఫీసరు గారు వచ్చి అడుగుతుంటే లేడని ఎలా సెప్తామండి మేడంగారూ? రేపు నిజంగా ఉంటే?"

మా దగ్గర ఆచారం ఒకటుంది. పెళ్ళి సంబంధం వాకబుకొచ్చినా, పాస్‌పోర్టు ఎంక్వైరీకొచ్చినా, అద్దెకిచ్చేవాడు అడిగినా, మగవాడి గురించి అడిగితే "మంచోడండి" అనేస్తారు. చెడ్డ చెబితే రేపు వాడి మొహం చూడాలి. మంచి చెబితే పోయేదేముంది, మహా అయితే ఎవరో ఒక ఆడపిల్ల జీవితం. అదే ఆడదాని గురించి అడిగితే మాత్రం ఆచితూచి, ఆకాశం చూసి చెబుతారు.

ఆ ఆచారం ప్రకారం విచారణ దివ్యంగా సాగింది. చిట్టిబాబు గారు నవల్లోంచి ఒక్కో ముక్క అందించడం, వీధి అందుకోవడం. ఇస్త్రీ బండి అతను సుదర్శనం గారి చొక్కాలు అసలు నలగవన్నాడు. సత్రం మెట్ల మీద కూర్చున్నాయన, పాపం మొన్న మోకాలి నొప్పితో కుంటుతున్నాడన్నాడు. నా సుదర్శనానికి మోకాలి నొప్పి లేదు! వీళ్ళు నాకన్నా బాగా రాస్తున్నారు.

"రోజూ తులసికోటకి నీళ్ళు పోస్తారట, నిజమేనా?" అన్నారు చిట్టిబాబు గారు.

"ఆయ్, నిజమేనండి. మగోడై ఉండి! అలాంటోణ్ణి ఎక్కడ సూత్తామండి ఈ రోజుల్లో" అన్నాడు ఇస్త్రీ బండి అతను.

తర్వాత మహలక్ష్మమ్మ గారి అరుగు. ఆవిడ మా పిన్ని వాళ్ళకి ఎదురిల్లు. ఎనభై దాటిన మనిషి, కళ్ళజోడు లేకుండా చింతపండు గింజలు తీస్తోంది.

"మామ్మగారూ, సుదర్శనం గారి భార్య ఎక్కడుందండి?"

ఆవిడ తలెత్తలేదు. "ఊరెళ్ళింది" అంది.

ఇదే అరుగు మీద, ఇదే మనిషి, ఇదే మాట మా అమ్మకి చెప్పింది. అప్పుడు అమ్మ కొంగు పట్టుకుని పక్కన నిలబడ్డదాన్ని నేనే. అరవాలనిపించింది, అరవలేక అక్కడే అరుగు అంచున కూర్చుండిపోయాను.

అంతలో ఎదురింటి గేటు తెరుచుకుని గంగాధరం బాబాయి వచ్చాడు. తెల్ల పంచె, నుదుట బొట్టు, మొహాన అదే చిరునవ్వు.

"సుదర్శనం తెలీకపోవడం ఏంటండి? మా పందిరికి ఏటా చందా ఇచ్చే మనిషి. ఆయన మాటంటే మాటే. కావాలంటే నేను పూచీ" అని ప్రధాన సాక్షిగా సంతకం పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, "బాగున్నావా హైమా? వదినగారు కులాసాయేనా? నవలేదో రాశావంట, మంచిదమ్మా, ఇలాగే వృద్ధిలోకి రా" అన్నాడు.

సర్టిఫికెట్ వచ్చింది. గుండ్రటి సీలు, ఆకుపచ్చ సంతకం. "శ్రీ సుదర్శనం గారు సత్ప్రవర్తన గలవారనియు, వారి మాట నమ్మదగినదనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." దాని వెనకాలే ఇంకో కాగితం. ధ్రువీకృత సత్యవంతుని మాటకు విరుద్ధంగా చివరి అధ్యాయంలో శ్రీమతి నళిని గారు మాట్లాడుచున్నారు గనుక, ఆమె స్వయముగా హాజరై తన నడవడిక నిరూపించుకోవలెను, లేనిచో సదరు అధ్యాయం తొలగించబడును. నళిని పేర సత్రం గోడకు నోటీసు అంటించారు. మేక వచ్చి తినేస్తే ఇంకోటి అంటించారు.

విచారణ రోజు అధ్యక్షుల వారే పీఠం ఎక్కారు. అటెండరు వరండాలోకెళ్ళి "శ్రీమతి నళిని హాజర్!" అని ముమ్మారు కేకేశాడు. వేపచెట్టు మీద కాకులు లేచిపోయాయి, నళిని మాత్రం రాలేదు.

నేను లేచాను. "ఆవిడ రాదండీ. చచ్చిపోయింది."

"మరణ ధ్రువపత్రం ఉన్నదా?" అన్నారు అధ్యక్షులు.

"ఎలా ఉంటుందండీ? తులసికోట కింద పాతిపెట్టాడు ఆవిణ్ణి!"

"భర్త దరఖాస్తు చేస్తే ధ్రువపత్రం వస్తుంది కదా" అన్నారు వైకుంఠరావు గారు, దారి చూపిస్తున్నట్టు.

"చంపిందే ఆ భర్త!"

"అమ్మా, మాట జారవద్దు." అధ్యక్షుల వారు వేలెత్తారు. "ఆయన సత్యవంతుడని రికార్డు పలుకుతోంది. ఇంతకూ ఆయన ఏమంటున్నారు?"

వైకుంఠరావు గారు నా నవల తెరిచి, నా వాక్యమే నాకు చదివి వినిపించారు. "'నళిని ఊరెళ్ళింది. రేపో మాపో వచ్చేస్తుంది.'"

"బాగుంది! అయితే వచ్చాక ఆవిడే చెప్పుకుంటుంది. తొందరేముంది?" అధ్యక్షుల వారికి ప్రాణం తేలికపడింది. "ఆమె తిరిగి వచ్చువరకు చివరి అధ్యాయం వాయిదా వేయడమైనది. ఆ పేజీలు ఖాళీగా ముద్రించవచ్చును. పాఠకుడికి లెక్కలు వేసుకోవడానికైనా పనికొస్తాయి."

నేను తట్టుకోలేకపోయాను. "ఖాళీ పేజీలు మీరే ఉంచుకోండి. ఆవిడ నోరు నొక్కేసి ఈ పుస్తకం ఎక్కడా పెట్టనివ్వను. కొనకండి, నా నవల నాకిచ్చెయ్యండి" అన్నాను. నవల ఇచ్చేశారు, అభ్యంతరం లేదన్నారు. సుదర్శనాన్ని మాత్రం ఇవ్వలేదు. ఆయన ఇప్పుడు మండలి ద్వారా ధ్రువీకరించబడిన మొట్టమొదటి కథకుడు కనుక, ఆయనకు సన్మానం ఏర్పాటైందట. వేదిక, సత్రం వీధి గ్రంథాలయం.

షామియానా వేశారు. వేదిక మధ్య ఖాళీ కుర్చీకి బంతిపూల దండ. సుదర్శనం గారు అనివార్య కారణాల వల్ల రాలేకపోయారని వైకుంఠరావు గారు ప్రకటిస్తే, మోకాలి నొప్పి తగ్గలేదేమోనని వీధిలో జనం నిజంగానే నొచ్చుకున్నారు. ఆయన తరఫున శాలువా అందుకోవలసిందిగా పూచీదారు గంగాధరం గారిని ఆహ్వానించారు.

బాబాయి శాలువా కప్పించుకుని మైకు అందుకున్నాడు. "సుదర్శనం బాధ నాకు తెలుసు. భార్య దూరమైన మగవాడి బతుకు ఎట్టా ఉంటుందో నాకు తెలుసు. మా రాజ్యం కూడా అలాగే ఊరెళ్ళింది. ఈనాటికీ గేటు చప్పుడైతే తనేనేమో అనుకుంటాను" అని కళ్ళు ఒత్తుకున్నాడు. చప్పట్లు మోగాయి. ఇస్త్రీ బండి అతను ముక్కు చీదాడు.

నేను నవల పట్టుకుని వేదికెక్కాను. వైకుంఠరావు గారు మైకు మీద చెయ్యి పెట్టేశారు. "క్షమించాలి, తమరికి కాండక్టు సర్టిఫికెట్ లేదు."

మైకు ఎవడిక్కావాలి? వెనక బెంచీల దాకా వినపడేలా కప్ప గుండె గురించి ఇన్నేళ్ళు అరిచిన గొంతు నాది. చివరి అధ్యాయం తెరిచి చదివాను. "నేను ఏ ఊరూ వెళ్ళలేదు. నన్నెవరూ వెతకలేదు. అందరూ ఆయన్నే అడిగారు, ఆయనేం చెబితే అదే విన్నారు. ఊరెళ్ళింది అంటే ఊఁ అన్నారు. ఏ ఊరని కూడా అడగలేదు. నా పేరు చెప్పుకుని మీరు అడగాల్సింది ఆ ఒక్క మాటే." ఇంకా చదివేదాన్ని, ఏడుపొచ్చేసింది. పిన్ని మొహం కూడా నాకిప్పుడు సరిగా గుర్తురాదు. అది తలుచుకునే ఎక్కువ ఏడుపొచ్చింది.

జనం ఇబ్బందిగా కదులుతున్నారు. అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి మహలక్ష్మమ్మ గారు కర్ర ఆనించుకుని లేచింది.

"ఒరే గంగాధరం, రాజ్యం ఏ ఊరెళ్ళిందిరా?"

బాబాయి శాలువా సర్దుకున్నాడు. "ఇప్పుడెందుకు పిన్నిగారూ, ఎప్పటి మాటో..."

"ఎప్పటిదైతే ఏంటి? దానికి పుట్టింటి ఊరొకటే తెల్సు. అక్కడికి రాలేదని దాని అక్క నా అరుగు మీదకొచ్చి ఏడ్చింది. నేను ఊరెళ్ళిందన్నాను, నువ్వన్నావని. ఇప్పుడడుగుతున్నాను. ఏ ఊరు?"

బాబాయి నోరు తెరిచాడు, మంచినీళ్ళ గ్లాసు కోసం చూశాడు. ఆ చిరునవ్వు మొదటిసారి ఆయన మొహం మీద లేదు. వైకుంఠరావు గారు మైకు లాక్కుని, సదరు ప్రశ్న కార్యక్రమంలో లేదంటూ వందన సమర్పణ మొదలెట్టారు. షామియానా వేసినవారికి, బంతిపూల వారికి, మైకు సెట్టు వారికి పేరుపేరునా ధన్యవాదాలు చెప్పి సభ ముగించారు.

ధ్రువీకృత కథకుని పూచీదారుని బహిరంగంగా ప్రశ్నించిన మహిళ ఎవరు, ఆమె నడవడిక ఎట్టిది, అని మండలి విచారణకు ఆదేశించింది. ఆ వారంలోనే చిట్టిబాబు గారు మళ్ళీ స్కూటరేసుకొచ్చారు. సభ అయిన దగ్గర్నుంచీ బాబాయి ఇంటి తలుపులు మూసే ఉన్నాయి. నేను మహలక్ష్మమ్మ గారి అరుగు మీద, ఆవిడ పక్కనే కూర్చుని ఉన్నాను. మాకు నాలుగడుగుల దూరంలో టీ కొట్టు.

"మహలక్ష్మమ్మ గారని, ఈ వీధిలో ఉంటారంట. మనిషెలాంటిది?"

టీ కొట్టాయన ఆవిణ్ణి చూశాడు, ఆకాశం చూశాడు, మూసి ఉన్న బాబాయి తలుపు చూశాడు. మనకెందుకొచ్చిన గొడవ అన్న సంగతి మొహాన రాసే ఉంది.

"ఆవిడాండీ?" అన్నాడు. "ఊరెళ్ళిందండి."

చిట్టిబాబు గారు రాసుకున్నారు.

"ఎక్కడికీ ఎళ్ళలేదు! ఇక్కడే ఉన్నాను, కళ్ళు కనపడట్లేదా? రాసుకో!" అని మహలక్ష్మమ్మ గారు కేకేసింది.

చిట్టిబాబు గారు చాలా మర్యాదగా చెయ్యెత్తారు. "మామ్మగారూ, తమరు కాస్త ఊరుకోవాలి. తమ గురించి విచారణ జరుగుతోంది."

ఆవిడ ఇంక ఆయనతో మాట్లాడలేదు. కర్ర పుచ్చుకుని అరుగు దిగింది, నేను రెక్క పట్టుకున్నాను. ఇద్దరం వీధి దాటి ఎదురింటి గేటు తీసుకుని లోపలికెళ్ళాం. ఆవిడ కర్రతో తలుపు మీద కొట్టింది.

"గంగాధరం, తలుపు తియ్యరా. ఆ ఊరి పేరు సెప్పు, బస్సెక్కి నేనే ఎళ్ళి సూసొస్తాను."